విహారయాత్రయా? విజ్ఞానయాత్రయా?

యాత్రలు విద్యలో అంతర్భాగమని అందరూ అంగీకరిస్తారు. అయితే కంటితో చూచినదంతా విద్య కాగలదా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న. భద్రాచలం మీదుగా సాగే విద్యార్థి యాత్రలను గమనిస్తే ఈ సందేహం బలపడుతుంది. ఒకనాడు పోచవరం రేవులో లాంచీ ఎక్కి, పాపికొండలను తిలకించి, పేరంటాలపల్లి ఒడ్డున కొంతసేపు దిగుట. మరునాడు చింతూరు మీదుగా మారేడుమిల్లి చేరి, కాఫీ తోటల నీడలో ఛాయాచిత్రాలు తీయించుకొనుట. ఇంతటితో యాత్ర ముగుస్తుంది.

ఆ ఒడ్డుకు, ఆ తోటలకు చరిత్ర ఉన్నది. భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం వద్ద ఆంగ్లేయులు గోదావరిని నౌకామార్గంగా మార్చదలచి ఆనకట్ట, లాకులు నిర్మించి, 1871లో ఆ పథకాన్ని విరమించారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు సాగు చేసుకొనే గిరిజనుల బ్రతుకును నిర్బంధించింది. ఆ ఆవేదనయే 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటుగా ప్రజ్వరిల్లింది. ఆ తిరుగుబాటుకు పూర్వమే, 1898లో, బ్రోడీ అనే ఆంగ్ల అధికారి మారేడుమిల్లి సమీపాన గల పాములేరు లోయలో కాఫీ సాగుకు నాంది పలికాడు. మనం త్రాగే కాఫీ రుచి వెనుక ఇంత కథ ఉన్నదని ఎందరికి తెలుసు?

విద్యార్థులు ఉల్లాసానికై వెళ్తారు, వారికి ఈ బరువెందుకని కొందరనవచ్చు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద, వరద గోదావరిలో, పాపికొండలకు బయలుదేరిన పడవ మునిగి యాభైమందికి పైగా మరణించారు. ప్రాణాలతో బయటపడిన ఇరవై ఆరుగురిని పడవలు వేసుకొని వెళ్ళి ఒడ్డుకు చేర్చినది సమీపాన ఉన్న తూటుగుంట గ్రామస్థులు. ఏ ఒడ్డును మనం కేవలం దృశ్యంగా భావిస్తున్నామో, ఆ ఒడ్డు మనుషులే యాత్రికులకు ప్రాణదాతలైనారు. అట్టి గ్రామాలనేకం నేడు పోలవరం జలాశయపు ముంపు పరిధిలో ఉన్నవి. వారి మాట వినే అవకాశం మనకు కలకాలం ఉండదు.

కావున కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. వరద నెలలలో నదీయాత్రను నిషేధించండి. యాత్రకు ముందు చరిత్ర శాఖచే ఒక ప్రసంగం ఏర్పాటు చేయించండి. దుమ్ముగూడెంలో ఒక పూట గడపనివ్వండి. ఒడ్డున దిగినప్పుడు ఒక కొండరెడ్డి పెద్దను మార్గదర్శిగా నియమించి, అధ్యాపకునికిచ్చినంత గౌరవంతో పారితోషికం చెల్లించండి.

విద్యార్థి మిత్రులారా! వెదురు పూలను బేరమాడి కొనుటతో మన కర్తవ్యం తీరదు. వాటిని అల్లిన చేతులను పలకరించండి. విన్నదానిని వ్రాసుకొని రండి. ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కనే అచ్చయ్యే మన సంచికలో ఆ మాటలకు కూడా రెండు పుటలు కేటాయిద్దాం. తన భాషను ఇతరులు ఆదరంగా వినాలని కోరే కళాశాల, ఇతరుల గోడును వినడం నేర్చుకొనుట న్యాయం.