తీసేయడానికి ఉన్న తొందర, చూడటానికి లేదు

మహిళా దినోత్సవం వారం వచ్చిందంటే, జిల్లా పేజీల నిండా ఉచిత వైద్య శిబిరాలే. వెనక ఫ్లెక్సీ, ముందు వరుసలో డ్వాక్రా మహిళలు, రిబ్బను మీద పది చేతులు. చేసే పరీక్షలు మాత్రం బీపీ, షుగరు, బరువు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి పరీక్ష మానేసి ‘అవగాహన’ పంచుతారు. ఈ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అవగాహన లేదంటే తప్పు ఆడవాళ్ళదని చెప్పడమే. 30 దాటిన ప్రతి స్త్రీకీ ఐదేళ్ళకోసారి ఈ పరీక్ష జరగాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలిచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 30-49 ఏళ్ళ వాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా ఆ పరీక్ష జరిగినవారు నూటికి ఇద్దరు కూడా లేరు. మన రెండు రాష్ట్రాలూ కాస్త నయం, అయినా 5 శాతం దాటలేదు. చేయవలసినవాళ్ళు చేయకుండా, చేయించుకోలేదేమని ఎదుటివాళ్ళకు పాఠం చెప్పడం ఏం న్యాయం?

నిజానికి క్యాన్సర్ భయం మన ఊళ్ళలో కావలసినంత ఉంది. దాని మీద ఓ వ్యాపారమే నడిచింది. గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 8 శాతానికి అటూ ఇటూ. ఈ ఒక్క విషయంలో మనమే ముందు. 2015-16 సర్వే ప్రకారం దేశంలో ఆ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో సగం మందికి అప్పటికి 34 ఏళ్ళు నిండలేదు. మూడింట రెండు వంతులు జరిగింది ప్రైవేటు ఆస్పత్రుల్లో. తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళ్ళిన మనిషిని ఒప్పించడానికి ‘ఇలాగే వదిలేస్తే క్యాన్సర్‌లోకి దిగుతుంది’ అన్న ముక్క చాలు. అంత భయపెట్టే జబ్బు ఉందో లేదో ముందు చూడాలి కదా? రెండు అంకెలూ పక్కపక్కన పెట్టండి. ముఖద్వారం చూడనివాళ్ళే ఎక్కువైన చోట, సంచి తీసేసినవాళ్ళు ఇందరా!

పోనీ, చూడటానికి కష్టమైన జబ్బా అంటే, క్యాన్సర్లలో ఇంత తీరిగ్గా వచ్చేవి తక్కువ. దీని మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. సోకిన వాళ్ళలో చాలామందికి ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా పాతుకుపోయిన కొద్దిమందిలో కూడా క్యాన్సర్‌గా ముదరడానికి పది పదిహేనేళ్ళు పడుతుంది. ఈలోగా పట్టుకోవడానికి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ యాసిడ్ పలచగా కలిపి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తే, తేడా ఉన్న చోటు తెల్లబడుతుంది. ఆ మచ్చ చిన్నదైతే వేడితోనో చలితోనో అక్కడికక్కడే మాడ్చేయవచ్చు. మత్తు అక్కర్లేదు, సాయంత్రానికి ఇంటికి. అయినా 2022లో దేశంలో దాదాపు 80 వేల మంది దీనితో చనిపోయారని అంచనా.

‘అంతమంది డాక్టర్లేరీ?’ అంటారు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆస్పత్రివాళ్ళు పదో తరగతి చదివిన ఆడవాళ్ళకు నాలుగు వారాల శిక్షణ ఇచ్చి ఈ వెనిగర్ పరీక్షే చేయించారు. ఈ జబ్బుతో చావులు 31 శాతం తగ్గాయి. మన ఏఎన్ఎంలు వాళ్ళకేం తీసిపోయారు? మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లా పల్లెల్లో వైరస్ డీఎన్ఏ పరీక్ష ఒక్కసారి చేస్తేనే మరణాలు సగానికి దగ్గరగా పడిపోయాయి. (ఆ రెండు అధ్యయనాల్లోనూ పోలిక కోసం వేలమంది స్త్రీలను పరీక్ష లేకుండా వదిలేశారు. ఆ ఘనత గురించి మరో వారం.) ‘మన ఆడవాళ్ళు సిగ్గుపడతారండీ’ అన్నది రెండో మాట. డీఎన్ఏ పరీక్షకైతే చాటుకు వెళ్ళి నమూనా వాళ్ళే తీసుకోవచ్చు. అయినా ఆపరేషన్ బల్ల మీద అడ్డురాని సిగ్గు పరీక్ష గదిలోనే వస్తుందా? ‘టీకా ఉందిగా’ అన్నది మూడోది. ఉంది, మంచిదే. 2009లో ఖమ్మం జిల్లాలో తల్లిదండ్రులను అడగకుండా హాస్టల్ వార్డెన్ల సంతకాలతో పిల్లలకు పొడిచి, దాని పరువు మనమే తీశాం. ఆ తర్వాత చనిపోయిన కొందరు పిల్లల చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలినా, పోయిన నమ్మకం పోయింది. అదలా ఉంచండి, టీకా ముఖ్యంగా తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు. ఇవాళ నలభై ఏళ్ళున్న తల్లికి పరీక్ష తప్ప వేరే దారి లేదు.

ఇక ‘సంచే తీసేస్తే జబ్బెక్కడిది’ అనే తెలివైన వాదన. ముప్పై నాలుగేళ్ళకు సంచితో పాటు అండాశయాలు కూడా పోతే ముట్లు ఆగిపోయే ముసలితనం ఒక్కసారిగా మీదపడుతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ చేటే. అంతకన్నా ఘోరం, ముందు చూసుకోకుండా కోసిన సంచిలో క్యాన్సర్ అప్పటికే ఉంటే, మామూలు ఆపరేషన్ దానికి చాలదు, ఆ తర్వాత వైద్యం మరింత చిక్కుపడుతుంది. క్యాన్సర్ పేరు చెప్పి చేసిన కోత క్యాన్సర్‌కే మేలు చేస్తుంది.

2007 నుంచి ఆరోగ్యశ్రీ మనకు నేర్పిన లెక్క ఒకటుంది: రోగం ముదిరాక ప్యాకేజీ, ముదరకముందు సదస్సు. పేదవాడికి పెద్దాస్పత్రి గడప తొక్కించిన పథకమే, కాదనను. కానీ ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ప్యాకేజీల పరిమితి పెంచుతామన్న హామీయే తప్ప, పీహెచ్‌సీలో వెనిగర్ సీసా పెడతామన్న మాట నాకు కనిపించలేదు. అనవసరంగా గర్భసంచులు తీయడం మీద కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుకు తెమ్మని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు చెప్పింది. వాటి కింద మన జిల్లాల్లో ఎన్ని ఫైళ్ళు తెరిచి చూశారో, వాటిలో ఆపరేషన్‌కు ముందు ముఖద్వారం పరీక్షించిన కాగితం ఎన్నింటికి జతపడి ఉందో ప్రభుత్వాలు అచ్చువేయాలి. వచ్చే మహిళా దినోత్సవానికి ఫ్లెక్సీ మీద ఆ అంకె వేసుకుంటే అభ్యంతరం లేదు.