ముక్తాయింపు లేని తాళాలకు పూర్తి ధరా?

సంపాదకుల వారికి,

బాన్సువాడలో ప్రతి శనివారం హనుమాన్ గుడిలో మా మండలి భజన చేస్తుంది. నేను హార్మోనియం వాయిస్తాను. మా డోలక్ తమ్ముడు మూడేళ్ల కింద గల్ఫ్‌కు పోయాడు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో చాలా మండళ్లది ఇదే కథ. పాడే గొంతులున్నాయి, చిడతలు పట్టే చేతులున్నాయి, డోలక్ వాయించేవాడు మాత్రం దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నాడు. అందుకే ఫోన్లో, ట్యాబ్‌లో పక్కవాద్యం వినిపించే సాఫ్ట్‌వేర్‌ను మా వంటివాళ్లు షోకు కోసం కొనడం లేదు. అది లేకపోతే భజన సాగదు గనుక కొంటున్నాం. ఆ అక్కరను ఆసరా చేసుకుని సగం సరుకు అమ్మే పద్ధతి ఒకటి పాతుకుపోతోంది. దాని గురించే ఈ ఉత్తరం.

పోయిన వినాయక చవితికి ముందు అటువంటి ఒక యాప్‌లో దక్షిణాది తాళాల ప్యాక్ కొన్నాం. ధర 1,850 రూపాయలు, మండలిలో తలా కొంత వేసుకున్నాం. ప్రకటనలో 24 తాళాలని రాసి ఉంది. డబ్బు కట్టి తెరిస్తే 15 మాత్రమే పలికాయి. మిగతా తొమ్మిదింటి పేర్లు బూడిద రంగులో ఉన్నాయి, పక్కన ‘త్వరలో’ అని ఉంది. పలికినవైనా సవ్యంగా ఉన్నాయా అంటే అదీ లేదు. ఖండచాపు ఎత్తుగడ బాగుంది, తక తకిట అంటూ ఐదు అక్షరాలకు చక్కగా నడిచింది. చరణం మారేచోట ఫిల్ నొక్కితే నాలుగక్షరాల ముక్క వచ్చి పడింది. ఒక అక్షరం తెగిపోయి పాట ఒక దిక్కు, తాళం ఒక దిక్కు పోయాయి. చివరికి ఎండింగ్ నొక్కాను. ముక్తాయింపు రాలేదు. సినిమా పాటల డ్రమ్స్ సెట్‌లో సింబల్ మీద పుల్ల పడ్డట్టు ఝణ్‌మని ఒక్క దెబ్బ. హారతి పట్టుకుని నిలబడ్డ పెద్దమ్మ ఉలిక్కిపడింది. పళ్లెం వంగి కర్పూరం గచ్చు మీద పడింది. ఆమె ముఖం చూశాక ఆ రోజు మళ్లీ ట్యాబ్ ముట్టలేదు, చిడతలతోనే ముగించాం.

ఇది ఎందుకు జరుగుతుందో తర్వాత నిజామాబాద్‌లో కీబోర్డు వాయించే ఒక మిత్రుడు విడమరిచి చెప్పాడు. ఈ యాప్‌లలో స్టైల్ అనేది ఒక రాతప్రతి లాంటిది. ఎప్పుడు ఏ దెబ్బ పడాలో అందులో ఉంటుంది, శబ్దం ఉండదు. శబ్దం వేరే సంచిలో ఉంటుంది. ఆ సంచిలో మృదంగం లేకపోతే యంత్రం తన దగ్గరున్న దేనితోనో సరిపెడుతుంది. వాద్యాల పేర్లకు, అంకెలకు 1991లో అంతర్జాతీయంగా జనరల్ మిడి అని ఒక ఒప్పందం కుదిరింది. అందులో 128 వాద్యనాదాలున్నాయి. సితార్ ఉంది, షెహనాయి ఉంది. తాళవాద్యాలకు విడిగా పెట్టిన పట్టికలో బోంగో, కాంగా ఉన్నాయి. మృదంగం లేదు, తబలా లేదు. అంటే మన తాళం పలకాలంటే ఎవరో ఒకరు విడిగా రికార్డు చేసి పెట్టాల్సిందే. పాశ్చాత్య సంగీతం వాయించేవాడు ప్యాక్ కొనకపోయినా ఏదో ఒక డ్రమ్ముతో గడుపుకుంటాడు. మనకు ఆ వీలు లేదు. మన వాద్యానికి ప్యాకే దిక్కు, ఆ ప్యాకే అరకొరగా వస్తోంది.

యాప్ వారికి రాస్తే రెండు జవాబులు వచ్చాయి. మృదంగం నాదం సరిగా రావాలంటే మరో మూల ప్యాక్ కొనాలని మొదటిది. డిజిటల్ సరుకుకు డబ్బు వాపసు ఉండదని రెండోది. కొనేముందు ఆ మూల ప్యాక్ మాట ఎక్కడా కనిపించలేదు. మూడున్నర ఆక్టేవుల హార్మోనియం కొంటే 42 మెట్లుంటాయి. అందులో పదిహేను మెట్లు వచ్చే ఏడాది బిగిస్తాం, ఇప్పటికి పూర్తి ధర ఇచ్చిపొండి అని ఏ అంగడివాడైనా అనగలడా? యంత్రం మీద మాకు కోపం లేదు. బెంగళూరులో 1979లో జి. రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబూరా తయారుచేశారు. తర్వాత ఎన్ని కచేరీల్లో, ఎన్ని పాఠశాలల్లో ఆ చిన్న పెట్టెలు శ్రుతి పలికాయో సంగీతం తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. స్విచ్ వేస్తే శ్రుతి పలికేది. యంత్రం మీద మాకు కోపం లేదు. ఆ నమ్మకంతోనే ఈ ప్యాక్ కూడా కొన్నాం.

తయారుచేసేవారి కష్టం నాకు అర్థం కాక కాదు. మృదంగం మీద ఒక్కో దెబ్బను మెల్లగా, గట్టిగా, రకరకాలుగా రికార్డు చేయాలి. కుడివైపు వేరు, ఎడమవైపు వేరు, శ్రుతి మారితే మళ్లీ మొదటికి. మంచి విద్వాంసుడిని కూర్చోబెడితే ఆయన సంభావన ఆయనకు ఇవ్వాలి. ఏళ్లు పట్టే పనే. అయితే 15 తాళాలు సిద్ధమైతే 15 అనే రాయండి, 15కే ధర పెట్టండి. తొమ్మిది పూర్తయ్యాక వాటికి మళ్లీ అడగండి, సంతోషంగా ఇస్తాం.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. ఆన్‌లైన్ అమ్మకాల మీద కేంద్రం 2020లో తెచ్చిన నియమాలు డిజిటల్ ఉత్పత్తులకూ వర్తిస్తాయి. ప్రకటించిన లక్షణాలు సరుకులో లేకపోతే డబ్బు వాపసు నిరాకరించకూడదని అమ్మకందారుకు అందులో నిబంధన ఉంది. 2023 నవంబరు 30న నోటిఫై అయిన డార్క్ ప్యాటర్న్‌ల మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నారు. డబ్బు కట్టేసిన సేవను, ఇంకొకటి కొంటే తప్ప వాడుకోనివ్వకపోవడం కూడా డ్రిప్ ప్రైసింగ్ పేరుతో అందులో ఉంది. మాకు జరిగింది అచ్చంగా అదే. డిజిటల్ సరుకుకు వాపసు లేదని వారు తమ షరతుల్లో రాసుకుంటే చట్టం మారదు కదా!

అమ్మేవారిని నేను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి తాళం పేరు పక్కన ఎత్తుగడ, నడకలు, ఫిల్, ముక్తాయింపు ఉన్నాయో లేవో రాయండి. దానికి ఇంకే ప్యాక్ కావాలో ధర పక్కనే చెప్పండి. కొనేముందు ఒక్కో తాళం నాలుగు ఆవర్తనాలు వినిపించండి. ‘త్వరలో’ అన్న చోట ఒక తేదీ వేయండి, ఆ తేదీ దాటితే డబ్బు తిరిగివ్వండి.

తోటి భజన మండళ్ల వారికి, సంగీతం టీచర్లకు ఒక మనవి. 1,850 రూపాయల కోసం ఎవరు తిరుగుతారని వదిలేయకండి. డబ్బు కట్టేముందే ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రసీదు దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కొన్నది ఐదు లక్షల రూపాయల లోపుదైతే అక్కడ ఫీజు లేదు, కంపెనీ ఏ నగరంలో ఉన్నా మనం ఉండే చోటనే కేసు వేయవచ్చు. మా మండలి ఫిర్యాదు రాయడం మొదలుపెట్టింది. మీరూ రాయండి.

ఇట్లు,
ఒక భజన మండలి హార్మోనియం వాద్యకారుడు,
బాన్సువాడ, కామారెడ్డి జిల్లా