గుండెకు ముందు తీగలను అనుమానించండి

తెనాలి, బాపట్ల, రేపల్లెలలో ఇప్పుడు చిన్న క్లినిక్కులలో కూడా ఈసీజీ తీస్తున్నారు. కాగితం పైభాగాన యంత్రమే "అసాధారణం" అని ముద్రించి ఇస్తే ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర ఉండదు. గుంటూరుకు కారు మాట్లాడుకునేవారూ ఉన్నారు. ఆ మాటను నమ్మే ముందు తీగలను ఒకసారి చూడవలెనని నా అభిప్రాయం.

గుండె నుండి చర్మం మీదికి వచ్చే విద్యుత్తు సుమారు ఒక మిల్లీవోల్టు మాత్రమే. గోడలో ఉన్నది 230 వోల్టులు. దాని ప్రభావం మన శరీరం మీద ఎప్పుడూ కొంత పడుతూనే ఉంటుంది. పైగా ఎలక్ట్రోడు లోహం జెల్లీని, చెమటను తాకిన చోట ఒక చిన్న బ్యాటరీయే తయారవుతుంది. దాని వోల్టేజీ గుండె సంకేతాన్ని ఎన్నో రెట్లు మించవచ్చు.

యంత్రంలోని ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫయరు రెండు చోట్ల ఉన్న వోల్టేజీల తేడాను పెంచి, రెంటికీ సమానమైన దానిని విడిచిపెడుతుంది. ఒక చేతికి జెల్లీ బాగా పూసి, రెండవ చేతికి ఎండిన క్లిప్పు తగిలిస్తే ఆ సమానత్వం చెడుతుంది. అప్పుడు గోడలోని కరెంటు కూడా తేడాగా లెక్కకు వచ్చి, గీత రంపపు పళ్ళలా కనిపిస్తుంది. మామూలు వేగంలో ఒక పెద్ద గడిలో పది పళ్ళుంటే అది 50 హెర్ట్జ్ కరెంటే. ఏ గుండె అంత వేగంగా కొట్టుకోదు. ఈసీజీకి ఆద్యుడు, 1924లో నోబెల్ పొందిన ఐంథోవెన్ రోగి చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచించింది ఈ స్పర్శ బాగుండడానికే!

కుడికాలి తీగ గీతలలో కనబడదు కనుక దానిని చాలామంది తేలికగా తీసుకుంటారు. కానీ శరీరాన్ని, యంత్రాన్ని ఒకే స్థాయిలో నిలిపేది అదే. అది వదులైతే గీత కాగితం అంచుకు కొట్టుకుపోవచ్చు. చేతుల తీగలు తారుమారైతే మొదటి లీడు తలకిందులై, గుండె కుడివైపున ఉన్నదా అనే భ్రమ కలుగుతుంది.

ఎక్కువ చోట్ల నేను చూసే చికిత్స ఫిల్టరు మీట నొక్కడం. గీత నున్నగా వస్తుంది, నిజమే. అయితే కొన్ని ఫిల్టర్లు గుండెపోటును గుర్తించే ఎస్‌టీ భాగాన్నే మార్చివేస్తాయి. చర్మం తుడిచి, కొత్త జెల్లీ పూసి, రోగికి చలి, వణుకు లేకుండా చూసి మళ్ళీ తీయడానికి ఐదు నిమిషాలు చాలును. యంత్రాన్ని ప్లగ్గు తీసి బ్యాటరీ మీద నడిపినప్పుడు పళ్ళు మాయమైతే, లోపం గోడలోని ఎర్తింగులో వెదకవలెను. వేసవిలో ఎర్తు గుంత ఎండిపోతే నీళ్ళు పోయించే బాధ్యత ఎవరిదో ఆసుపత్రులలో ముందే తేల్చుకోవాలి.

ఒక్క జాగ్రత్త. ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్నవారు తీగల పరీక్ష కోసం ఆగరాదు. గీత బాగున్నా సరే, పెద్దాసుపత్రికి వెళ్ళవలసిందే. మిగిలినవారు మాత్రం "ఇంకొకసారి తీయండి" అని మొహమాటం లేకుండా అడగండి. పాత ఈసీజీని కూడా వెంట తీసుకువెళ్ళండి. కొత్తదాని పక్కన పెట్టి చూసే డాక్టరుకు అది ఎంతో ఉపయోగం.