ట్రక్కుకూ ఒక పరీక్ష

ట్రాక్టరు తోలడం నాకు బాగానే వచ్చు. లైసెన్సూ ఉంది. అయినా కిందటి సంక్రాంతికి ముందు 40 బస్తాల ధాన్యంతో గట్టు మీద రివర్సు చేయబోయి ట్రక్కును కాలువలోకి దించాను. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు కుడికి తిప్పితే ట్రక్కు ఎడమకు పోతుందని అప్పుడు గాని తలకెక్కలేదు. నయం, బస్తాల మీద మనుషులు లేరు. మర్నాడు, కూడదని తెలిసీ, అదే ట్రక్కులో కూలీలను ఎక్కించుకెళ్లాం.

ట్రక్కు తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకపోదని 2001లో సుప్రీంకోర్టు ఒక బీమా కేసులో చెప్పింది. దెబ్బలు తిన్నవాడికి పరిహారం దక్కాలి కదా, న్యాయమే. కాని అది కాగితం సంగతి, చేతివాటం సంగతి కాదు.

మిత్రులారా, 75 కిలోల బస్తాలు 40 అంటే 3 టన్నులు. చాలా ట్రక్కులకు సొంత బ్రేకుండదు. వంతెన దిగేటప్పుడు ఆ బరువంతా ట్రాక్టరును ముందుకు తోస్తుంది. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగింతలు. పైగా ట్రాక్టరుకు కుడి, ఎడమ బ్రేకు పెడళ్లు వేరు. పొలంలో మలుపుకు విడిగా ఉంచినా, రోడ్డెక్కితే కొక్కెం వేసి కలపాలి. లేకుంటే ఒక్క చక్రమే పట్టి బండి తిరగబడుతుంది. (ఇది ఫిజిక్సు క్లాసులో కాదు, మా బాబాయి దగ్గర నేర్చుకున్నాను.)

అందుకే వేరే పరీక్ష ఉండాలంటాను. మా నాన్న ఒప్పుకోరు. "కోతలు మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగమంటావట్రా?" అంటారు. ఆ మాటా నిజమే. కోడూరు, నాగాయలంక రైతు బందరుకో గుడివాడకో పోనక్కరలేకుండా, పరీక్షే వేసవిలో అవనిగడ్డ రావాలి, ఫీజు లేకుండా. బస్తాలున్న ట్రక్కును రెండు గుంజల మధ్యకు రివర్సు చేయించి చూడాలి. మొదట నన్నే పిలవండి. తప్పుతానేమో!