గడియారం ఎందుకు తప్పుతుంది?



మీ ఇంట్లో రెండు గడియారాలుంటే అవి ఎప్పుడూ ఒకే వేళ చూపుతున్నాయా? ఒకసారి పరీక్షగా చూడండి. ఆగిపోయిన గడియారాన్ని అందరూ కనిపెడతారు. నడుస్తూనే తప్పేది మాత్రం తెలియకుండా మోసం చేస్తుంది.

నేను ప్రధానోపాధ్యాయుడిగా ఉన్న బడిలో ఒక పాత లోలకపు గడియారం ఉండేది. వారం వారం కీ ఇచ్చేవాళ్ళం. దసరా సెలవులయ్యాక ముల్లు సరిపెట్టి, మళ్ళీ దాని సంగతి పట్టించుకోలేదు. డిసెంబరు చలిలో ఒక కుర్రవాడు వరసగా మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు. బయట నిలబెట్టాను. "రేడియోలో వేళ విని బయలుదేరానండీ మాస్టారూ" అన్నాడు. అనుమానం వచ్చి, ఆ సాయంత్రం రేడియోతో నా చేతిగడియారం సరిచేసుకుని మర్నాడు చూద్దును కదా, బడి గడియారం నాలుగు నిమిషాలు ముందుంది! ప్రార్థన వేళ అందరి ఎదుటా, "తప్పు వాడిది కాదు, నాది" అని చెప్పాను.

ఆ గడియారం ఎందుకు పరుగెత్తింది? లోలకం ఊపులను లెక్కపెట్టడమే దాని పని. ఊచ పొడుగైతే ఊపు నెమ్మది, పొట్టిదైతే వేగం. లోహం వేడికి సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. మీటరు పొడవున్న ఉక్కు ఊచ 10 డిగ్రీలు చల్లబడితే తగ్గేది 0.12 మిల్లీమీటరే. కాని ఆ కొంచెం తేడా ప్రతి ఊపులోనూ చేరుతుంది. రోజుకు 5 సెకన్లు, రెండు నెలలకు 5 నిమిషాలు! పొట్టి లోలకానికీ ఇదే లెక్క.

"మా గడియారానికి లోలకమే లేదు, సెల్ వేస్తాం" అంటారా? దాని లోపల చిన్న క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. అది సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకెను 15 సార్లు సగం చేసి చూడండి, సరిగ్గా 1 వస్తుంది! గడియారం చేసే లెక్కా అదే. ఈ స్ఫటికం సుమారు 25 డిగ్రీల దగ్గర బాగా నడుస్తుంది. అంతకన్న వేడెక్కినా, చల్లబడినా కాస్త నెమ్మదిస్తుంది. 40 డిగ్రీల వేడిలో నెలకు సుమారు 20 సెకన్లు వెనకబడుతుంది. తయారీలో మిగిలిపోయిన తేడా ఏమైనా ఉంటే అదీ దీనికి తోడవుతుంది.

మరి సరైన వేళ ఎక్కడ ఉంది? న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో మన దేశపు వేళను కాపాడుతుంది. 1967 నుంచి సెకనుకు కొలత సీజియం పరమాణువే. దాని కిరణం 919,26,31,770 సార్లు కంపించే కాలమే ఒక సెకను.

ఇక మీకొక పని. ఈ నెల ఒకటో తేదీన మీ గోడగడియారాన్ని ఫోను చూపే వేళతో సరిపెట్టండి. వచ్చే నెల ఒకటిన ఎన్ని సెకన్ల తేడా వచ్చిందో నోటుపుస్తకంలో రాసుకోండి. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి ఇలా చేసి, రెండూ పోల్చి చూడండి. మీ గడియారం రోజుకు ఎంత తప్పుతుందో మీకే తెలుస్తుంది. ఆ పైన అది ఎవరినీ మోసం చేయలేదు.