కొత్త పువ్వు నగరంలో మొదటి వారం

ఈ నెల శీర్షికను ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా నుంచి వ్రాస్తున్నాము. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయ దంపతులం. మూడు నెలలపాటు ఇక్కడి ఒక బడిలో జీతం లేకుండా పనిచేయడానికి ఒప్పుకొని వచ్చాము. వచ్చి వారం రోజులైంది.

అడిస్ అబాబా అంటే వారి అమ్హరిక్ భాషలో ‘కొత్త పువ్వు’ అని అర్థం. 1886లో వెలసిన ఊరు. ఆఫ్రికా అనగానే ఎండ, ఇసుక అనుకునేవారు ఇక్కడికి ఉన్నిబట్టలు తెచ్చుకోవాలి సుమా! ఊరు సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన, మన ఊటీ కంటె ఎత్తున ఉన్నది. మొదటి రెండు రోజులూ నాలుగు మెట్లెక్కితే చాలు, ఆయాసం వచ్చేది.

గడియారం సంగతి మరీ వింత. వీరికి రోజు తెల్లవారుజామున ఆరింటికి మొదలవుతుంది. మన ఏడు వీరికి ఒంటిగంట, మన ఎనిమిది రెండు. “రేపు రెండింటికి బడికి రండి” అంటే ఉదయం ఎనిమిదికన్నమాట. మా ఇంటి యజమానురాలు ముందే ఈ కిటుకు చెప్పి పుణ్యం కట్టుకున్నది. ఆలోచిస్తే ఇందులో వింతేమున్నది? మన పెద్దలు సూర్యోదయం నుంచే గడియలు లెక్కపెట్టేవారు గదా. సంవత్సరానికి మాత్రం పదమూడు నెలలు: పన్నెండు ముప్పయ్యేసి రోజులవి, చివరిది అయిదో ఆరో రోజులది.

లిపి చూసి మాకు ప్రాణం లేచివచ్చింది. ఒక్కొక్క హల్లుకు ఏడేసి రూపాలు. ల, లు, లీ, లా, లే, ల్, లో అని పిల్లలు వల్లిస్తూ ఉంటే మన గుణింతమే చెవిన పడినట్లుండేది.

భోజనానికీ ఇబ్బంది లేదు. బుధ, శుక్రవారాలు ఇక్కడి సనాతన క్రైస్తవులకు ఉపవాస దినాలు; మాంసం, గుడ్లు, పాలు ముట్టరు. పప్పులు, కూరలు, సెనగపిండితో చేసిన షిరో అనే పులుసు సమృద్ధిగా దొరుకుతాయి. టెఫ్ అనే సన్నని ధాన్యం పిండిని పులియబెట్టి వేసిన ఇంజెరా పళ్ళెమంత అట్టు. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ చేరి కుడిచేత్తో తింటారు. శుక్రవారంనాడు యజమానురాలు ఒక ముద్ద చుట్టి మా నోటికి అందించింది. దీన్ని గుర్షా అంటారట. మనం గోరుముద్ద అనమూ?

ఇక బడి. వాకిట్లో ముసలి కావలివాడు మమ్మల్ని చూస్తూనే “కేరళయా?” అన్నాడు. హైలీ సెలాసీ చక్రవర్తి కాలంలో, 1950, 60లలో, మనదేశం నుంచి, ముఖ్యంగా కేరళ నుంచి, ఉపాధ్యాయులు ఎందరో వచ్చి ఇక్కడ పనిచేశారు. ఈయనకు లెక్కలు నేర్పినదీ భారతీయుడేనట.

ప్రధానోపాధ్యాయురాలు మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడింది. “మీవంటి వారు చాలామంది వస్తారు. పిల్లలు మాలిమి అయ్యేసరికి వెళ్ళిపోతారు. తరువాత రోజూ వాకిలి చూస్తూ కూర్చునేది మా పిల్లలు. మీరు తరగతి తీసుకోవద్దు. మా టీచరమ్మ పక్కన కూర్చోండి. మీరు వెళ్ళినా ఆమె ఉంటుంది.”

రంగురంగుల పటాలు పెట్టె నిండా మోసుకొచ్చిన మాకు ఆ మాట చురుక్కుమన్నది. అయితే రెండు రోజులు వెనుక బల్ల మీద కూర్చునేసరికి ఆమె ఉద్దేశం బోధపడింది. ఇక్కడ ఉన్నత పాఠశాల చదువు ఇంగ్లీషులో సాగుతుంది. భిన్నాల లెక్క అమ్హరిక్‌లో అడిగితే చకచక చేసే పిల్ల, అదే లెక్క ఇంగ్లీషులో అడిగితే బిక్కమొహం వేస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళమో కన్నడమో ఒడియానో చదివిన మన ఇళ్ళ పిల్లలకు ఈ అవస్థ కొత్తదా? ఆ బిడ్డకు రానిది లెక్క కాదు, ప్రశ్న.

టీచరమ్మకు ఇరవై అయిదేళ్లుంటాయేమో. మొదట మమ్మల్ని చూసి బెదిరింది. తనిఖీకి వచ్చామనుకున్నది కాబోలు. నిన్న కాఫీ పెట్టి ఇచ్చింది. ఇక్కడి మర్యాద ప్రకారం మూడు విడతలు త్రాగాలి. మూడో విడత అయ్యేసరికి ముగ్గురమూ కలిసి, లెక్కల ప్రశ్నలలో మాటిమాటికీ వచ్చే ఇంగ్లీషు మాటలు ఏరి, వాటికెదురుగా అమ్హరిక్ మాటలు వ్రాయడం మొదలుపెట్టాము. నలభై దాటాయి. మేము ఇంగ్లీషు పలికితే ఆమె సరిచూసుకుంటుంది. మేము అమ్హరిక్ పలికితే నవ్వుతుంది.

రేపు రెండింటికి, అనగా ఎనిమిదింటికి, ఆమె మొదటిసారి భిన్నాలు రెండు భాషలలో చెప్పబోతున్నది. మేము వెనుక బల్ల మీదే.