డి.ఎన్.ఏ. కథలో వ్రాయని పుట

డి.ఎన్.ఏ. మెలితిరిగిన నిచ్చెన వంటిదని 1953లో వాట్సన్, క్రిక్‌లు ప్రకటించారు. ఆ నిర్ణయానికి రోసలిండ్ ఫ్రాంక్లిన్ పర్యవేక్షణలో 1952లో తీసిన ఎక్స్-కిరణ చిత్రం ఎంతో తోడ్పడింది. దానిని ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించారు. 1958లో ముప్పయ్యేడేళ్ళకే ఆమె మరణించారు. 1968లో వెలువడిన ‘ది డబుల్ హెలిక్స్’ గ్రంథంలో వాట్సన్ ఆమెను పరిహాసపాత్రగా చిత్రించారు. చివరి పుటలలో కొంత సవరించుకొన్నారు కాని, బదులు చెప్పుకోవడానికి ఆమె లేరు. 1975లో ఆమె మిత్రురాలు ఆన్ సేర్ మరొక గ్రంథం వ్రాయవలసి వచ్చింది.

ఫ్రాంక్లిన్‌ను గూర్చి తప్పుగానైనా వ్రాశారు. కొందరిని గూర్చి అసలు వ్రాయనే లేదు.

దమ్మపేట వంటి అడవి అంచు ప్రాంతాలలో నివసించే కోయలలో సికిల్ సెల్ వ్యాధి కనిపిస్తుంది. జన్యువులో ఒక్క అక్షరం మారితే ఎర్ర రక్తకణం కొడవలివలె వంగిపోతుంది. హీమోగ్లోబిన్‌లో ఒకే ఒక అమైనో ఆమ్లం మారడమే ఇందుకు మూలమని 1957లో ఇంగ్రామ్ నిరూపించారు. డి.ఎన్.ఏ. చరిత్రలో ఇది సామాన్య ఘట్టం కాదు. అయినా ఆ చరిత్రలో కేంబ్రిడ్జి కనిపించినట్లు కోయగూడెం కనిపించదు.

లోపమున్న జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తేనే సాధారణంగా ఈ వ్యాధి కలుగుతుంది. ఈ సంగతి తెలియని ఇంట బిడ్డ నొప్పులకు తల్లినే నిందిస్తారు. 2023లో కేంద్రప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలనకు కార్యక్రమం ప్రారంభించింది. పరీక్షలు జరగడం మంచిదే. రక్తమిచ్చినవారికి దాని కథను కూడ తెలుగులోను, కోయ భాషలోను వ్రాసి ఇవ్వాలి.